సూర్యుడికి వీపు పెట్టి తీసే ఫోటో

విశాఖ మద్దిలపాలెంలో ఇంటి డాబా మీద నిలబడి మామూలు ఫోన్‌తో సూర్యుణ్ని ఫోటో తీస్తే అందులో ఆయన ఎంత వస్తాడో తెలుసా? 27 పిక్సెళ్లు. ఫోటో వెడల్పు 4,000 పిక్సెళ్లనుకుంటే అందులో 150వ వంతు. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, గ్రహణం పట్టిన సూర్యుడు అలాగే అస్తమించాడు. ఆ సాయంత్రం నేను తీసిన ఫోటోలన్నిటిలోనూ ఉన్నది ఒక తెల్ల చుక్క, చుట్టూ వెలుగు మరక. అది గ్రహణమని నోటితో చెబితే తప్ప ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేదు.

తప్పు ఫోన్‌ది కాదు, లెక్కది. మన కంటికి సూర్యబింబం వెడల్పు అర డిగ్రీకి కాస్త ఎక్కువ, 0.53 డిగ్రీలు. ఏ లెన్సయినా దాని ఫోకల్ లెంగ్త్‌ను సుమారు 109తో భాగిస్తే సెన్సర్ మీద పడే సూర్యుడి సైజు వస్తుంది. 50 మి.మీ. లెన్సుకు అర మిల్లీమీటరు కూడా రాదు. 300 మి.మీ. లెన్సుకు 2.75 మి.మీ. వస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి కెమెరాలో అది 700 పిక్సెళ్ల బింబం, అంటే ఆల్బంలో అతికించుకోదగ్గ బొమ్మ. 5 రెట్లు దగ్గరకు లాగే ఫోన్లలో 120 పిక్సెళ్ల దాకా వస్తుంది. ఆపైన వేళ్లతో ఎంత సాగదీసినా పెరిగేది మసకే.

సైజు సంగతి అలా ఉంచితే, కన్ను పోతే తెచ్చుకోలేం. అందుకని మొదట వెలుగు లెక్క. సూర్యుడు పున్నమి చంద్రుడికన్నా దాదాపు 4 లక్షల రెట్లు ప్రకాశవంతుడు. బింబంలో 99 శాతం మూసుకుపోయి ఒక్క శాతమే మిగిలినా, ఆ సన్నని చీలిక 4 వేల పున్నములతో సమానం. గ్రహణం పూట ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మామూలు రోజున సూర్యుడివైపు చూస్తే కన్ను దానంతటదే మూసుకుంటుంది. గ్రహణం పూట వెలుగు తగ్గినట్టనిపించి రెప్ప వెయ్యకుండా చూస్తాం. రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నా కబురు రాదు. చూపు మధ్యలో మచ్చ ఉందని కొన్ని గంటలకో మర్నాడో తెలుస్తుంది. 2017 ఆగస్టు 21 గ్రహణం తర్వాత న్యూయార్క్ డాక్టర్లు ఒక యువతి రెటీనా ఫోటో తీస్తే, కాలిన మచ్చ సరిగ్గా నెలవంక ఆకారంలో కనబడింది. ఆమె చూసిన సూర్యుడి ఆకారమే కంటి లోపల అచ్చుపడింది. అలాంటి అనుమానం ఏ కొంచెం వచ్చినా ఇంట్లో చుక్కల మందు వేసుకుని కూర్చోకుండా, హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికో, దగ్గర్లోని మరో కంటి డాక్టరు దగ్గరికో వెంటనే వెళ్లాలి.

ఫిల్టర్‌గా ఏది పనికొస్తుంది? వెలుగును సుమారు లక్షో వంతుకు తగ్గించేదే సరైన సోలార్ ఫిల్టర్. ఈ కొలబద్ద ఒకటి చేతిలో ఉంటే వీధిలో వినే సలహాలన్నీ ఎవరికి వారే తూచుకోవచ్చు. నల్ల కళ్లద్దాలు వంద పాళ్లలో పది దాకా లోపలికి వదులుతాయి. లక్షో వంతుకు రావాలంటే అయిదు జతలు ఒకదానిమీదొకటి పెట్టుకోవాలి, అప్పటికీ కంటికి కనబడని వేడి కిరణాలను ఆపుతాయన్న హామీ లేదు. ఫోటోగ్రాఫర్లు జలపాతాల కోసం కొనే ఎన్‌డీ 1000 ఫిల్టర్ వెయ్యో వంతుకే తగ్గిస్తుంది, అంటే కావలసినదానికి వంద రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు పెంకులు, పాత సీడీలు తూచనక్కర్లేకుండానే చెత్తబుట్టలోకి.

పళ్లెంలో పసుపు నీళ్లు పోసి అందులో గ్రహణం చూడటం మన ఇళ్లలో పాత అలవాటు. నీటి పైపొర దాదాపు 2 శాతం వెలుగును తిప్పికొడుతుంది. అంటే యాభయ్యో వంతు. యాభయ్యో వంతు ఎక్కడ, లక్షో వంతు ఎక్కడ? నీళ్లలో పసుపు కలిపినా పేడ కలిపినా పైపొర నీళ్లదే కాబట్టి ఈ లెక్క మారదు. గ్రహణం వేళే నిలబడుతుందంటూ పక్కనే ఇత్తడి పళ్లెంలో రోకలి నిలబెట్టి చూపిస్తారు. ఆ రోకలి మామూలు మంగళవారం నాడు కూడా నిలబడుతుంది, ఓపికుంటే ప్రయత్నించండి.

ఇక వెల్డింగ్ అద్దం. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు ఉన్న ఊళ్లో గ్రహణం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. నేనూ ఒకసారి వెల్డింగ్ షాపుకి వెళ్లి అడిగాను. కుర్రాడు ఒక అద్దం తీసిచ్చి "ఇదే సార్, మేం రోజూ వాడేది" అన్నాడు. అంచున 10 అని ఉంది. ఆ అంకెలోనే ఉంది కథంతా. 14వ నంబరు అద్దం వెలుగును సుమారు 3 లక్షల 70 వేలలో ఒక వంతుకు తగ్గిస్తుంది, సూర్యుణ్ని చూడటానికి అది చాలు. 12వ నంబరు దాదాపు 50 వేలలో ఒక వంతు, ఇది కనీస హద్దు. 10వ నంబరు అయితే 7 వేలలో ఒక వంతు మాత్రమే. 14తో పోలిస్తే అది 50 రెట్లు ఎక్కువ వెలుగు వదులుతుంది. రోజూ వెల్డింగ్ చేసేవాడికి సరిపోయే అద్దం సూర్యుడికి సరిపోదు. వెల్డింగ్ వెలుగు పడగానే తనంతట తాను నల్లబడే కొత్తరకం హెల్మెట్లను అసలు నమ్మొద్దు, అవి సూర్యుడి కోసం చేసినవి కావు. వెల్డింగ్ అద్దంతో మరో చిక్కు, ఫోటో అంతా ఆకుపచ్చగా వస్తుంది.

అన్నిటికన్నా తేలిక, ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు. లక్షో వంతు మన గురి అయితే, ఆ ప్రమాణం పెట్టిన ఆఖరి హద్దు 31 వేలలో ఒక వంతు, వెలుగు అంతకు మించి లోపలికి రాకూడదు. పెట్టుకుంటే ఇంట్లో ట్యూబులైటు కూడా కనబడనంత చీకటి ఉండాలి. బల్బుకు అడ్డంపెట్టి చూస్తే సూది మొనంత చిల్లు మెరిసినా పారేయాలి. ఇంకొక్క మాట. ఈ కళ్లద్దాలు పెట్టుకుని కెమెరా వ్యూఫైండర్‌లోంచో బైనాక్యులర్‌లోంచో చూడకూడదు. 250 మి.మీ. జూమ్ లెన్సు ముందు నోరు 45 మి.మీ. వెడల్పు. ఎండలో మన కంటిపాప 2 మి.మీ. విస్తీర్ణంలో తేడా 500 రెట్లు. అంత వెలుగునూ ఆ లెన్సు 2.3 మి.మీ. బిళ్లగా కుదించి పెడుతుంది, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే. కళ్లద్దాల పొర ఆ వేడికి కాలిపోవచ్చు, దాని వెనకే కన్ను. అందుకే ఫిల్టర్ ఎప్పుడూ లెన్సు ముందు ఉండాలి, వెనక కాదు. మన ఊరి సముద్రపు గాలికి ఊడి పడకుండా చుట్టూ టేపు వెయ్యాలి. చూడటం కెమెరా వెనక తెర మీదే.

ఈ జాగ్రత్తలన్నీ చూసి నిరుత్సాహపడేవాళ్లకు గుంటూరు సంగతి చెప్పాలి. సంపూర్ణ గ్రహణానికి తొలి మంచి ఫోటో 1851 జూలై 28న అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ తీశాడు, ఒక్క ఫోటోకు 84 సెకన్లు పట్టింది. ఆ తర్వాత 17 ఏళ్లకు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ గ్రహణం నీడ మన గుంటూరు మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును అక్కడ పరిశీలించి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. హీలియం కథ మొదలయ్యేది ఆ గ్రహణంతోనే. అదే ఊళ్లో మేజర్ టెన్నాంట్ బృందం కెమెరాలు పెట్టింది. గాజు పలకకు మందు పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. 5 నిమిషాలకు పైగా చీకటి ఉన్నా వాళ్లకు దక్కినవి 6 పలకలు. ఇప్పుడు ఫోన్ బటన్ నొక్కిపట్టుకుంటే ఒక్క సెకనులో అంతకన్నా ఎక్కువే వస్తాయి.

విశాఖకూ ఈ చరిత్రలో వాటా ఉంది. మద్దిలపాలేనికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని ఈ ఊళ్లోంచే గమనించాడు. ఈ పేర్లు మన బడి పుస్తకాల్లో కనబడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

కెమెరా, లక్షో వంతు ఫిల్టర్ రెండూ సమకూరితే మిగతాది తేలిక. ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 400వ వంతు. ఇక్కడ మొదలుపెట్టి అటు 100వ వంతు దాకా, ఇటు 1,600వ వంతు దాకా తీసుకుంటూ పోతే ఏదో ఒకటి సరిపోతుంది. ఫోకస్ సూర్యుడి అంచు మీదో మచ్చ మీదో చేత్తో సరిచేసి, కదలకుండా టేపు అంటించాలి. ఆకాశంలో సూర్యుడు తన వెడల్పంత దూరాన్ని దాదాపు రెండు నిమిషాల్లో దాటేస్తాడు. 300 మి.మీ. లెన్సుతో మధ్యలో పెట్టి టీ తాగడానికి వెళ్తే, ఎనిమిది నిమిషాల్లో ఫ్రేము దాటిపోతాడు. గ్రహణం దశలన్నీ ఒకే చిత్రంలో వరసగా కావాలంటే వెడల్పాటి లెన్సు పెట్టి, కెమెరా కదపకుండా 5 నిమిషాలకొకటి తియ్యాలి. బింబానికీ బింబానికీ మధ్య బింబం కన్నా కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుంది, కళ్లకు ఇంపుగా.

సాధన ఎప్పుడంటే, పున్నమి నాడు. లక్షో వంతుకు తగ్గించిన సూర్యుడు నిండు చంద్రుడికి నాలుగు రెట్ల వెలుగు మాత్రమే, సైజు ఇద్దరిదీ ఒక్కటే. చంద్రుణ్ని ఫిల్టర్ లేకుండా తీసి చెయ్యి తిరిగితే సూర్యుడితో తడబడరు. అమావాస్య నాటి గ్రహణానికి పున్నమి నాడు కసరత్తు చెయ్యడమే కాస్త విచిత్రం.

ఇన్ని చెప్పి నా తీర్పు ఏమిటంటే, మొదటిసారి తీసేవాళ్లు ఇవేవీ కొనొద్దు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. అట్టముక్కకు సూదితో 1 మి.మీ. చిల్లు పొడిచి, మీటరు దూరంలో తెల్ల కాగితం మీద నీడ పట్టండి. అక్కడ 9 మి.మీ. సూర్యుడు పడతాడు, కొరికిన భాగంతో సహా. 109తో భాగించే లెక్క ఇక్కడా అదే. ఆ కాగితాన్ని ఏ ఫోన్‌తోనైనా, ఏ ఫిల్టరూ లేకుండా ఫోటో తియ్యొచ్చు, చిన్నపిల్లలైనా సరే. బూందీ గరిటె పట్టుకొస్తే మాత్రం ఫలితం ఉండదు. చిల్లు 5 మి.మీ. ఉంటే 9 మి.మీ. బొమ్మలో నెలవంక కరిగిపోయి గుండ్రంగానే కనబడుతుంది. సన్న జల్లెడలో చిల్లులు మరీ దగ్గర, బొమ్మలు ఒకదానిమీదొకటి పడి కలిసిపోతాయి. అట్ట మీద రెండేసి సెంటీమీటర్ల దూరంలో చిల్లులు పొడుచుకుంటూ మీ పేరులో మొదటి అక్షరం రాయండి. గ్రహణం వేళ ఆ అక్షరం నెలవంకలతో నేల మీద పడుతుంది.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు ఇంకా మంచి కిటుకు ఉంది. బొట్టు పెట్టుకునే చిన్న అద్దానికి కాగితం అంటించి మధ్యలో 5 మి.మీ. చిల్లు కొయ్యండి. బాల్కనీలో ఎండ పడేచోట పెట్టి, ఆ వెలుగును 10 మీటర్ల అవతలి నీడగోడ మీదకు తిప్పితే 9 సెంటీమీటర్ల సూర్యుడు గోడెక్కుతాడు. ఇల్లంతా కూర్చుని చూడొచ్చు. అద్దంలోకి ఎవరూ తొంగి చూడకూడదు, ఎదుటివాళ్ల కళ్లలోకి తిప్పకూడదు. ఏమీ లేకపోతే ఆంధ్ర యూనివర్సిటీ అవుట్‌గేటు వైపు నడిచి ఏ చెట్టు నీడనైనా చూడండి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు మచ్చా ఆ గంటసేపు నెలవంకే.

ఎప్పుడు? 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల మీద పడినట్టు సంపూర్ణ గ్రహణం నీడ మన ఊరి మీద ఇప్పట్లో పడదు. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో మనవాళ్లకు దాదాపు 3 నిమిషాల 50 సెకన్ల చీకటి దక్కింది, ఆ కాసేపు ఫిల్టర్ తీసేసి చూడొచ్చు. మనకు రాబోయేవి పాక్షికాలు, కాబట్టి ఫిల్టర్ తీసే క్షణమే రాదు. 2031 మే 21న కేరళ, తమిళనాడుల్లో ఉంగరం కనబడుతుంది, మనకు మిట్టమధ్యాహ్నం పాక్షికం. 2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణం కశ్మీర్, లద్దాఖ్ వైపు.

అన్నిటికన్నా ముందుది 2027 ఆగస్టు 2, సోమవారం. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్ల చీకటి, మనకు సాయంత్రం పూట పాక్షికం. వానాకాలం, మబ్బులు కరుణిస్తేనే. అయిదు గంటలకు సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో, ఊరి వైపు ఉంటాడు. సముద్రం ఆయనకు ఎదురు దిక్కు. ఆర్కే బీచ్‌లో సముద్రంవైపు తిరిగి నిలబడితే వీపు దానంతటదే సూర్యుడికి వస్తుంది. ఇసుక మీద పడే బొమ్మ మూడు రెట్లు సాగి కనబడుతుంది కాబట్టి తెల్ల కాగితాన్ని సూర్యుడికి ఎదురుగా నిటారుగా పట్టుకోండి. అట్టముక్క, సూది ఇంట్లోంచే తెచ్చుకోండి.