వృద్ధులు చెప్పే ఆరోగ్య సమాచారం ఎంతవరకు సరైనది?

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉంది. అక్కడ మీరు ఆరోగ్య సర్వే చేస్తున్నారనుకుందాం. డెబ్బై ఏళ్ళ పెద్దాయనను "మీకు రక్తపోటు ఉందా?" అని అడిగారు. ఆయన "లేదు" అన్నారు. దీనివల్ల మీకు తెలిసిందేమిటి? ఆయనకు రక్తపోటు లేదని కాదు. ఉన్నట్లు ఆయనకు తెలియదని మాత్రమే.

తన జబ్బుల గురించి వ్యక్తి తానే ఇచ్చే సమాచారాన్ని స్వయం నివేదన అంటారు. పక్షవాతం, తుంటి ఎముక విరగడం వంటివి సులభంగా మరచిపోయేవి కావు. కనుక వీటి విషయంలో జవాబు చాలావరకు సరిగానే ఉంటుంది. రక్తపోటు, మధుమేహం అలా కాదు. ఇవి చాలాకాలం ఏ బాధా కలిగించకుండా ఉండవచ్చు. పరీక్ష చేయించుకోనివారికి ఇవి ఉన్న సంగతే తెలియదు.

మన దేశంలో 45 ఏళ్ళు, అంతకు పైబడినవారిపై 2017–19లో 'లాసీ' అనే పెద్ద సర్వే జరిగింది. ఇందులో ప్రశ్నలు అడగడంతోపాటు రక్తపోటును కొలిచారు కూడా. అధిక రక్తపోటు ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 56 మందికే అది ముందుగా నిర్ధారణ అయింది. కేవలం ప్రశ్నలతో సరిపెట్టి ఉంటే మిగిలిన 44 మంది ఆరోగ్యవంతుల లెక్కలో చేరిపోయేవారు.

తెలియకపోవడం ఒక కారణం. బాధను బాధగా లెక్కించకపోవడం మరొక కారణం. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి సంవత్సరం, 1944లో, కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ సమీపంలోని సింగూర్‌లో సర్వే చేసింది. భార్యను కోల్పోయిన పురుషులలో 48.5 శాతం తమ ఆరోగ్యం బాగాలేదన్నారు. భర్తను కోల్పోయిన స్త్రీలలో అలా అన్నవారు 2.5 శాతమే! స్త్రీలు ఆరోగ్యంగా ఉన్నారని దీని అర్థం కాదు. లేమికి అలవాటుపడినవారు ఫిర్యాదు చేయడం కూడా మానేస్తారని ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఈ ఉదాహరణతో వివరించారు.

జవాబులనే నమ్మి వైద్య సదుపాయాలు కేటాయిస్తే, ఎక్కువ అవసరం ఉన్నవారికే తక్కువ అందుతాయి. అలాగని జవాబులను తోసిపుచ్చరాదు. నొప్పి, ఒంటరితనం ఏ యంత్రానికీ అందవు. వాటిని మనిషే చెప్పాలి. కాబట్టి అడగాలి, కొలవాలి కూడా.

ఆలోచించండి: కేరళలో ఆయుర్దాయం బీహారులో కంటే ఎక్కువ. అయినా సర్వేలలో జబ్బుగా ఉందని చెప్పేవారు కేరళలోనే ఎక్కువ. ఎందుకు?