కనబడలేదు అంటే పోయినట్టు కాదు

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మా ముసునూరు, నూజివీడు వైపు ఏ ఇంట చూసినా మామిడికాయల హడావిడే. తోటల్లో కోతలు, రోడ్ల మీద లారీలు, ఇళ్లల్లో ఆవకాయ జాడీలు. మీ ఇళ్లల్లోనూ అంతేగా! ఆవకాయ ఒక్కరి చేతి మీద అయ్యే పని కాదు. కాయ కొట్టేవాళ్లు ఒకరు, జీడి తీసి ముక్క తుడిచేవాళ్లు ఒకరు, ఉప్పు, కారం, ఆవపిండి కలిపేవాళ్లు ఒకరు ఉండాల్సిందే.

2023 మే నెలలో మా ఇంట్లో ఆవకాయ పెడుతుంటే సాయానికి మా ఆడపడుచు ఒకామె వచ్చింది. సొంత ఆడపడుచు కాదు, వరసకు. అలా వరసకు ఆడపడుచులయ్యేవాళ్లు మాకు చుట్టుపక్కల ఊళ్లల్లో పాతికమంది ఉన్నారు. కనుక ఎవరా అని ఆరా తీయకండి. ఆమెను అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. నా పేరు కూడా వేయవద్దని సంపాదకులకు మనవి చేసుకున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ రోజు ఆమె ఉప్పు రెండుసార్లు వేసేసింది. మానిక ఉప్పు పోసి, లోపలికెళ్లి మంచినీళ్లు తాగొచ్చి, మళ్లీ ఇంకో మానిక పోసింది. నేను చూస్తూనే ఉన్నాను గానీ, ఆపేలోపే అయిపోయింది.

"ఏం అమ్మాయీ, ధ్యాస ఎక్కడుంది?" అని నవ్వులాటకు అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఈ మధ్య అన్నీ ఇట్టాగే మర్చిపోతన్నా వదినా. మాత్ర ఏసుకున్నానో లేదో కూడా గుర్తుండట్లా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఏం మాత్రలని అడిగాను. గది తలుపు దగ్గరకేసి చెప్పింది. భర్త పోయిన మరుసటి ఏడు, అంటే 2012లో, పరీక్ష చేస్తే హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలిందట. అప్పట్నుంచీ ప్రభుత్వం వారి ఏ.ఆర్.టి. కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మందులు వాడుతోంది. పదకొండేళ్లు! మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వచ్చి ఉంటుందో, మాకెవరికీ తెలియదు.

నేను చేసిన తప్పు

సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన కాగితం ఒకటి తీసింది. "నువ్వు ఇంటరు చదివావుగా వదినా, ఇందులో ఏముందో చూసి చెప్పు. అక్కడ చెప్పారు గానీ, జనంలో కంగారుగా ఉండి నాకు తలకెక్కలా" అంది. తను చదివింది అయిదో తరగతి.

కాగితమంతా ఇంగ్లీషు. కింద మాత్రం లావు అక్షరాల్లో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది. నాట్ అంటే లేదు, డిటెక్టెడ్ అంటే కనిపెట్టడం. అంతవరకు నాకు తెలుసు. "కనబడలేదని రాశారమ్మాయీ! తగ్గిపోయినట్టే!" అన్నాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినంత పని చేశాం. ఇంకొన్ని కాయలు కొట్టించి, కారం, ఆవపిండి చేర్చి పచ్చడి సరిచేసుకున్నాం. కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసుకుని ఇద్దరం తిన్నాం.

ఆ రాత్రి నుంచే ఆమె మాత్రలు మానేసింది.

మానేయమని నేను అనలేదు, నిజమే. కానీ తగ్గిందని చెప్పాక ఎవరైనా మందెందుకు వేసుకుంటారు? జ్వరం తగ్గాక మనం వేసుకుంటామా?

జూలైలో మందులు తీసుకోవలసిన తేదీకి ఆమె వెళ్లలేదు. కేంద్రం నుంచి ఫోను చేశారు. "మా వదిన కాగితం చూసింది, నాకు తగ్గిపోయింది" అని చెప్పింది ఈమె. ఆ కౌన్సిలరు అమ్మాయి కోప్పడలేదట. "వెంటనే రండి, మీకిష్టమైతే మీ వదినగారినీ తీసుకురండి" అందట.

వెళ్లాను. మళ్లీ రక్తం తీశారు. మేలో కనబడని వైరస్ ఈసారి కనబడింది. నా కాళ్లలో సత్తువ పోయింది. తెలియనిది తెలియదని చెప్పి ఉంటే ఆమె రెండు నెలలు మందు మానేది కాదు గదా!

ఆ కాగితంలో అసలేముంది?

ఆ రోజు కౌన్సిలరు చెప్పింది, ఆ తర్వాత నేను అడిగి తెలుసుకున్నది మీకు చెబుతాను.

ఈ మందులు వైరస్‌ను పూర్తిగా చంపవు. పెరగకుండా అణిచిపెడతాయి. రోజూ వేసుకుంటుంటే రక్తంలో అది ఎంత తగ్గిపోతుందంటే, పరీక్షకు కూడా అందదు. అదే "కనబడలేదు" అనడం. కానీ శరీరంలో కొన్ని కణాల్లో అది నిద్రపోతున్నట్టు దాక్కునే ఉంటుంది. మందు ఆపితే కొద్ది వారాల్లోనే లేచి పెరుగుతుంది.

నాకు మన వంటింటి భాషలో ఇలా అర్థమైంది. పెరుగు గిన్నె కడిగామనుకుంటాం. అంచున కాస్త తోడు అంటుకుని ఉంటే మన కంటికి కనబడదు. అందులో గోరువెచ్చని పాలు పోస్తే తెల్లారేసరికి తోడుకుంటాయి. ఫ్రిజ్‌లో పెడితే అంత తొందరగా తోడుకోవు. రోజూ వేసుకునే మాత్ర ఆ ఫ్రిజ్ లాంటిదన్నమాట.

ఇంకో తికమక కూడా ఉంది. ఈ జబ్బుకు రెండు లెక్కలు చెబుతారు. సిడి4 అనేది ఒంట్లో జబ్బులతో పోరాడే కణాల లెక్క. అది పెరిగితే మంచిది. వైరల్ లోడ్ అనేది వైరస్ లెక్క. అది తగ్గితే మంచిది. మా ఆడపడుచు ఇన్నేళ్లూ రెండూ పెరగాలనే అనుకుందట! నవ్వకండి. మనకు రక్తం శాతం పెరిగితే సంతోషం, చక్కెర పెరిగితే భయం. అది అలవాటైంది కనుక తెలుస్తోంది. ఇది ఎవరూ నింపాదిగా చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

"కనబడలేదు" అన్నమాటలో నిజంగా సంతోషించవలసింది కూడా ఉంది. మందు మానకుండా, వైరస్ కనబడని స్థితిలోనే ఉన్నవారి నుంచి సంసారం ద్వారా భాగస్వామికి ఈ వ్యాధి సోకదు. ఐరోపాలో ఒకరికి వ్యాధి ఉండి ఇంకొకరికి లేని వందలాది జంటలను ఏళ్ల తరబడి పరిశీలించి ఈ మాట తేల్చారు. 2016 నుంచి ప్రపంచమంతా దీన్ని ప్రచారం చేస్తున్నారు. ఇక కలిసి వండుకుంటే, తింటే, ఒకే ఇంట్లో ఉంటే రాదన్న సంగతి మీకు తెలిసిందే. మేము తిన్న ఆవకాయ అన్నం గురించి ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని చెబుతున్నాను.

మందు దొరికింది, మాట దొరకలేదు

మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం గుర్తించింది. అప్పట్లో మందన్నదే లేదు. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. 2017 నుంచి సిడి4 ఎంతున్నా సరే, వ్యాధి ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. ఒకప్పుడు పూటకిన్నని మింగినవాళ్లలో చాలామందికి ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రతో సరిపోతోంది. 2021 నాటి అంచనాల్లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ వ్యాధితో బతుకుతున్నవారు 3 లక్షల పైచిలుకు. బతుకుతున్నవారు అన్నమాట గమనించండి. మందు వాడుకుంటూ వాళ్లు పిల్లల్ని పెంచుతున్నారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు.

అందుకే ఇప్పుడు చిక్కంతా మందు దొరకడంలో కాదు. ఆ కాగితం అర్థం కావడంలో, ఆ మాత్ర గుర్తుండటంలో ఉంది.

మతిమరుపు వాళ్ల తప్పు కాదు

ఈ వైరస్ మెదడులోకి కూడా వెళుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మందులు లేని రోజుల్లో కొందరికి మతి పూర్తిగా చెడిపోయేదట. మందులు వచ్చాక అంత తీవ్రమైనది అరుదైపోయింది. అయినా బాగా మందు వాడేవాళ్లలో కూడా కొందరికి ధ్యాస నిలవకపోవడం, చెప్పింది మరిచిపోవడం, లెక్కా డొక్కా తేలడానికి ఆలస్యం కావడం ఉంటాయి.

అయితే ప్రతి మతిమరుపునూ ఆ వ్యాధికే అంటగట్టకూడదు. దిగులు, నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్, బి12 తక్కువ కావడం, తాగుడు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. మా ఆడపడుచుకు పరీక్ష చేస్తే రక్తం బాగా తక్కువుందని తేలింది. దానికి తోడు ఇన్నేళ్ల గుట్టు. ఎవరికీ చెప్పుకోలేని దిగులుతో నిద్ర ఎలా పడుతుంది చెప్పండి?

ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మూర్ఛ, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం లాంటివి వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మేము చేసుకున్న ఏర్పాటు

కౌన్సిలరు ఆ రోజు ఒక మంచి పని చేసింది. అంతా చెప్పాక "అర్థమైందా?" అని అడగలేదు. "ఇప్పుడు మీరు మీ వదినగారికి చెప్పండి, నేను వింటాను" అంది. మా ఆడపడుచు చెబుతుంటే ఎక్కడ తప్పిందో తెలిసింది. మళ్లీ చెప్పింది, మళ్లీ చెప్పించింది. మూడోసారికి సరిగా వచ్చింది. అర్థమైందా అంటే మనమంతా తలూపుతాం. నా బి.పి. మందు గురించి డాక్టరు చెప్పినప్పుడు నేను ఎన్నిసార్లు ఊరికే తలూపి వచ్చానో నాకే తెలుసు.

మాత్ర గుర్తుండటానికి మొదట రాత్రి టీవీ సీరియల్‌తో ముడిపెట్టుకుంది. ఆదివారం సీరియల్ రాదు, మాత్ర మరిచిపోయేది! ఇప్పుడు రాత్రి గిన్నెలు కడిగి బోర్లించగానే వేసుకుంటోంది. గిన్నెలకు ఆదివారం సెలవు లేదు గదా.

వేసుకున్నానా లేదా అనే అనుమానానికి క్యాలెండరు మందు. పాల లెక్క రాసుకునే గడిలోనే, పక్కన ఒక చుక్క పెడుతుంది. ఇంటికొచ్చినవాళ్లు చూసినా పాల లెక్కే అనుకుంటారు.

మీ ఇంట్లోగానీ, మీకు తెలిసినవారిలోగానీ ఇలాంటివారు ఉంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఒకటి. మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు మాత్రం వేసుకోకూడదు. మరుపు తరచుగా జరుగుతుంటే దాచకుండా కేంద్రంలో చెప్పాలి.

రెండు. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులు ఈ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు. రక్తానికి మాత్రలు రాసినప్పుడు మా ఆడపడుచుకు ఏది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు వేళలు చెప్పారు. బయట ఏ మందు కొన్నా ఏ.ఆర్.టి. డాక్టరుకు చెప్పి తీరాలి.

మూడు. పెళ్లికో తిరనాళ్లకో ఊరెళితే రెండు మూడు రోజులకు ఎక్కువే పట్టుకెళ్లాలి. ఎవరైనా చూస్తారని పొయ్యి దగ్గరో తడిగోడ గూట్లోనో దాచకూడదు. వేడికీ చెమ్మకూ మందు పాడవుతుంది.

నాలుగు. వాళ్ల గుట్టు వాళ్లది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, మనల్ని నమ్మి చెప్పిన ఈ సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. మా వారికి కూడా ఆమె ఒప్పుకున్నాకే చెప్పాను. ఏ సందేహమున్నా 1097కు ఫోను చేయవచ్చు. డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు.

మళ్లీ మాత్రలు మొదలుపెట్టాక, 2024 వేసవికి ముందు, ఆమె ఇంకో కాగితం తెచ్చింది. మళ్లీ అదే "టార్గెట్ నాట్ డిటెక్టెడ్". ఈసారి నేను చదివి ఊరుకోలేదు. "దీని అర్థమేంటో నువ్వే చెప్పు అమ్మాయీ" అన్నాను.

"మందు పనిచేస్తంది, మానకూడదు అని వదినా" అంది.

మరుపు పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గింది. ఆ ఏడు ఆవకాయకు ఉప్పు కొలిచింది ఆమే. మానిక పోయగానే గోడ మీద బొగ్గుతో ఒక గీత పెట్టింది. అది చూసి ఇప్పుడు నేనూ అలాగే గీత పెడుతున్నాను.

చూశారా, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ల దగ్గరకే అక్షరం రానివాళ్లు కాగితాలు తెస్తారు. రేపు మీ దగ్గరకూ ఎవరో ఒకరు తెస్తారు. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, "నాకూ తెలియదు, పద, ఇద్దరం వెళ్లి అడుగుదాం" అనండి. ఆ మాట అనడానికి నాకు రెండు నెలలు ఆలస్యమైంది. మీకు కాకూడదని రాస్తున్నాను.