చలికి పులవని రాగి కుండ

డిసెంబరు వచ్చిందంటే మదనపల్లెలో రాత్రి కలిపిపెట్టిన రాగిపిండి తెల్లారేసరికి పులవదు. పుంగనూరు, కుప్పం పల్లెల్లోనూ అంతే. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నేల మీద కొన్ని రాత్రులు చలి 15 డిగ్రీల కిందికి దిగుతుంది. పిండిని పులిపించే సూక్ష్మజీవులకేమో 30 డిగ్రీల దగ్గరి వెచ్చదనం హాయి. అందుకే గోరువెచ్చని నీళ్లతో పిండి కలిపి, నిన్నటి పుల్లనీళ్లు ఓ గరిటెడు పోసి, కుండకు గోనెపట్ట చుట్టి కట్టెల పొయ్యి పక్కకు జరుపుతారు. మంట ఆరినా బూడిద కింద నిప్పు కుండను కాస్తూ ఉంటుంది. పొద్దున మూత తీస్తే అంచు వెంబడి సన్నటి బుడగలు, కమ్మటి పులుపు వాసన. ఉడుకుతున్న నూకల్లో దాన్ని పోసి కలియబెడితే అంబలి.

చలిలో కుండను పులిపించడం బీరు కాచేవాళ్లకూ పాత చిక్కే. ఎండాకాలపు బీరు చెడిపోతోందని జర్మనీలోని బవేరియా పాలకుడు ఐదో ఆల్బ్రెక్ట్ 1553లో ఓ శాసనం చేశాడు: సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాయాలి. అయితే మామూలు ఈస్టుకు 20 డిగ్రీల దగ్గర హాయి. చలి ముదిరితే ముడుచుకుని పడుకుంటుంది. 10 డిగ్రీల్లో కూడా నిదానంగా పనిచేసే ఈస్టు అక్కడి చల్లటి నేలమాళిగల్లో నిలదొక్కుకుంది. లాగర్ బీరు దాని చలవే.

అంత దూరం ఎందుకు, మన రాగులతోనే బీరు చేసుకునేవాళ్లున్నారు. తూర్పు నేపాల్, సిక్కిం కొండల్లో రాగులను ఉడికించి, చాపల మీద ఆరబోసి, మర్చా అనే బిళ్లల పొడి చల్లుతారు. బియ్యప్పిండిలో అడవి మూలికలు కలిపి చేసే ఆ బిళ్లల్లోనే బూజూ ఈస్టూ ఉంటాయి. రాగులను ఆకుల్లో, గోనెల్లో చుట్టి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచి, తర్వాత కుండకెత్తి మూతి బిగిస్తారు. ఎండాకాలం మూడు నాలుగు రోజులు చాలు, చలికాలం అయిదు నుంచి ఏడు రోజులు. తాగేటప్పుడు ఆ రాగులను తోంగ్బా అనే చెక్క పాత్రలో నింపి, పైన వేన్నీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీలుస్తారు. రాగులకు పుట్టిల్లయిన తూర్పు ఆఫ్రికాలోనూ మొలకెత్తిన రాగులతో బీరు చేస్తారు. ఉగాండాలో ఒకే కుండ చుట్టూ కూర్చుని పొడుగాటి గొట్టాలతో తాగుతారు.

ఆ మొలకల పని మన ఇళ్లలో తెలియనిదా? రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టి వేలాడదీస్తే గుడ్డ నేతలోంచి తెల్లటి మొలకలు పొడుచుకొస్తాయి. చలికాలంలో ఇంకో రోజు ఆగాలి. ఎండబెట్టి, నులిమి, దోరగా వేయించి విసిరితే రాగి మాల్ట్. మామూలు రాగి జావ గరిటెకు బరువుగా తగులుతుంది. అదే కొలతకు మొలకల పిండి జావ పలచగా జారుతుంది. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా తెంచడమే కారణం. బార్లీతో బీరు కాచేవాడు మొదట చేసే పని కూడా అచ్చంగా ఇదే. పసిబిడ్డకు జావ కాచే తల్లి చేతిలో ఇంత విద్య ఉందని మనం ఎప్పుడూ గుర్తించలేదు. అది నాకు బాధ.

ఇంట్లో బీరు కాయమని నేను అనడం లేదు. లైసెన్సు లేని తయారీ 1968 ఎక్సైజు చట్టం కింద నేరం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం 1993లో నిషేధం దాకా నడిచిన రాష్ట్రమిది. ఆ ఆడవాళ్ల కన్నీళ్లు తెలిసినవాళ్లెవరూ ఈ మాట తేలిగ్గా అనలేరు.

నా దిగులు అంబలి గురించే. గ్యాసు పొయ్యి వచ్చాక చాలా ఇళ్లలో బూడిద వేడి పోయింది. పిండి పులవక, చలి నెలల్లో అంబలి మానేస్తున్న ఇళ్లు పెరుగుతున్నాయి. మానక్కర్లేదు. పాత పులుపు ఇంకో గరిటె ఎక్కువ పోసి, కుండకు కంబళి చుట్టి, ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఆగితే చాలు.