మసీదు పెట్టె మీది క్యూఆర్ కోడ్

2023 ఏప్రిల్, రంజాన్ మాసం. జకార్తాలోని కొన్ని మసీదుల విరాళాల పెట్టెల మీద ఒకడు తన సొంత క్యూఆర్ స్టిక్కర్లు అంటించాడు. స్కాన్ చేసిన భక్తుల ఫోన్లలో మసీదు మరమ్మతు అని అర్థమొచ్చే పేరే కనిపించింది. డబ్బులు మాత్రం అతని ఖాతాలో పడ్డాయి.

ఇండోనేషియా కేంద్ర బ్యాంకు 2019లో తెచ్చిన ఈ కోడ్‌ను అక్కడ 'క్రిస్' అంటారు. అందులో ప్రతి వివరానికీ ముందు రెండంకెల గుర్తు, తర్వాత దాని పొడవు, ఆపైన అసలు విషయం ఉంటాయి. 59 అంటే సొమ్ము అందుకునేవారి పేరు, 60 అంటే ఊరు. చిట్టచివర 63: ముందున్న అక్షరాలన్నిటినీ లెక్కగట్టి తేల్చిన నాలుగు తనిఖీ అక్షరాలు. మధ్యలో ఒక్క అక్షరం చెడినా ఈ లెక్క పట్టేస్తుంది. 59 దగ్గర రాసుకున్న పేరు నిజమా, అబద్ధమా అన్నది దానికి అందదు. అది కోడ్ ఇచ్చే రోజున కాగితాలు చూసే మనిషి తేల్చాల్సిందే.

దానం చిరువ్యాపారికి అప్పుగా చేరే చోట, యంత్రం పట్టగలిగేదానికీ మనిషి తేల్చాల్సినదానికీ మధ్య ఉన్న ఈ తేడా మరీ ముఖ్యం. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కనుక అసలు మాత్రమే తిరిగి కట్టే 'ఖర్జె హసనా' పద్ధతి ఉంది. అయితే ప్రతి దానాన్నీ అప్పుగా తిప్పడానికి వీల్లేదు. ఏడాది నిలిచిన సంపదలో 2.5 శాతంగా ఇచ్చే జకాత్ ఎనిమిది రకాల వారికే చెందాలి, అందుకున్నవారి సొంతం కావాలి అంటారు ఎక్కువమంది పండితులు. స్వచ్ఛందంగా ఇచ్చే సదఖాకు ఇంత కట్టడి లేదు. శాశ్వతంగా అంకితం చేసే వక్ఫ్‌లోనైతే అసలు తరగకూడదు. ఫోన్లో అన్నీ ఒకే నొక్కుతో వచ్చిపడతాయి కాబట్టి, ఏ రూపాయి ఏ పద్దుదో చివరిదాకా కలవకుండా చూడటమే సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పెద్ద పని అని నా నమ్మకం. వసూళ్ల హడావిడిలో దీనికి దక్కాల్సినంత శ్రద్ధ దక్కడం లేదు.

ఇండోనేషియాలోనే 2017లో మొదలైన 'బ్యాంక్ వకాఫ్ మిక్రో'లు పెసంత్రెన్‌లనే మతపాఠశాలల చుట్టుపక్కల పేదలకు అప్పులిస్తాయి. పేరులో బ్యాంకు ఉన్నా డిపాజిట్లు తీసుకోవు. మొదటి అప్పు పది లక్షల రుపియా, అంటే మన డబ్బులో సుమారు అయిదారు వేలు. నిర్వహణ ఖర్చు కింద ఏడాదికి 3 శాతం. తాకట్టు లేదు. మన డ్వాక్రా సంఘాల్లాగే కొందరు కలిసి జట్టు కట్టి, ముందు శిక్షణ పొంది, వారం వారం కూర్చుంటారు.

ఈ సంస్థలకూ మొబైల్ యాప్ వచ్చింది. ఎవరు ఎంత కట్టారో అది క్షణంలో చెబుతుంది. కట్టని వారం ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఏ సరుకు అమ్ముడుపోలేదో మాత్రం పక్కన కూర్చున్న జట్టువాళ్లే చెప్పగలరు. యాప్ వచ్చిందని ఆ వారపు కూడికను ఎత్తేయకూడదు. మసీదు పెట్టెలో వేసినవాళ్లకు కూడా పద్దులవారీ లెక్క అదే ఫోన్లో కనిపించాలి: ఎంత వచ్చింది, ఎంత అప్పుగా వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది.