కుట్టు విప్పడానికీ ఓ పనిముట్టుంది

మా ఆడపడుచు పెళ్లి ఫొటోల్లో నేను గద్వాల చీర కట్టుకుని, దానికి ఏమాత్రం పొంతన లేని నల్ల జాకెట్టు తొడుక్కుని ఉంటాను. చూసినవాళ్లు "అదేం ఫ్యాషనే తల్లీ!" అంటే నవ్వి ఊరుకుంటాను. అసలు సంగతి ఇదీ.

ఆ చీర మీది మెరూన్ జాకెట్టు నా పెళ్లికి కుట్టించింది. పాప పుట్టాక దాని జోలికి పోలేదు. ముందురోజు రాత్రి పెట్టెలోంచి తీసి తొడుక్కోబోతే చంకల దగ్గరే ఆగిపోయింది. నేనేం కంగారు పడలేదు. మన జాకెట్లకి పక్కల్లో రెండు మూడు వరసలు కుట్లు వేసి, లోపల గుడ్డ వదులుతారు కదా! మన భవిష్యత్తు మనకంటే టైలర్లకే బాగా తెలుసు. లోపలి వరస విప్పేస్తే సరి అనుకుని, మావారు గడ్డం గీసుకునే బ్లేడు తీసి సగానికి విరిచాను. రెండంగుళాలు చక్కగా వచ్చింది. ఇంతలో అత్తయ్య "పసుపుకొమ్ములు ఎక్కడ పెట్టావమ్మా?" అని కేకేశారు. నేను తల తిప్పాను. బ్లేడు మాత్రం తన దారిన తను పోయింది. చిటికెన వేలంత చిరుగు, అదీ కుట్టు మీద కాదు, పట్టు మీద!

పెళ్లి హడావుడి అయ్యాక జాకెట్టు పట్టుకుని వీధి చివర టైలరు దగ్గరికెళ్లాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, సొరుగులోంచి ఓ చిన్న వస్తువు తీశాడు. పెన్సిలు ముక్కంత పిడి, దాని చివర రెండు కొమ్ములున్న ఇనుప ముక్క. "బ్లేడెందుకమ్మా, కుట్లు విప్పేది ఇదుండగా" అన్నాడు.

దాన్నే సీమ్ రిప్పర్ అంటారు. ఇంట్లో వాడే కరెంటు మిషన్లు చాలావాటితో, బాబిన్లూ సూదులూ ఉన్న పొట్లంలో ఇదీ వస్తుంది. ఓసారి వెతికి చూడండి. ఇందులో పొడుగు కొమ్ము సూదిలా ఉంటుంది, అది కుట్టు కిందికి దూరడానికి. పొట్టి కొమ్ముకి సాధారణంగా ఎర్ర పూసలాంటిది ఉంటుంది, అది గుడ్డకి గుచ్చుకోకుండా. పదునంతా ఆ రెంటి మధ్య పంగలో ఉంటుంది. అంటే దారం తనంతట తను పదును దగ్గరికి రావాలే గానీ, పదును గుడ్డ మీదికి పోదన్నమాట.

కొనేటప్పుడు అట్టకి గుచ్చి ఉన్నది చూసి ఊరికే తెచ్చేసుకోకండి. పిడి చేతిలోకి తీసుకోండి. మరీ సన్నటివి చెమట చేతిలో తిరిగిపోతాయి. అరగంట విప్పేసరికి వేళ్లు పట్టేస్తాయి. కాస్త లావుగా, పలకలుగా ఉన్నదైతే మేలు. ఇనుప ముక్క పిడిలో కదలకూడదు. పొడుగు కొమ్ము మొనని మీ నూలు పమిట మీద మెల్లిగా రాసి చూడండి. పోగు పట్టుకుందంటే మొన బాగాలేదని అర్థం, పట్టుకి అసలే పనికిరాదు. కొట్లో ఓ దారం ముక్క అడిగి పంగలో పెట్టి లాగండి. తెగాలి గానీ పీక్కుపోకూడదు. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మూత బిగుతుగా ఉందో లేదో కూడా చూసుకోండి, పిల్లలున్న ఇళ్లలో అది మరీ ముఖ్యం. ఇంతా చేసి అదేం పెద్ద ఖరీదు వస్తువు కాదు. అందుకే మొద్దుబారాక దాచుకోకండి. మొద్దుదానితో బలం ఉపయోగిస్తాం, గుడ్డ చిరిగేది అప్పుడే.

ఇక విప్పే పద్ధతి. బియ్యం బస్తా మూతి సరైన కొస పట్టుకుని లాగితే జర్రున ఊడొస్తుంది చూశారా, అది గొలుసు కుట్టు. మన ఇళ్లలోని మిషను కుట్టు అలా రాదు. పై దారం, బాబిను దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయి. అందుకని ఒక పక్కన నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున తెంపుకుంటూ పోయి, గుడ్డ తిరగేసి రెండో పక్క దారం లాగితే పొడుగ్గా వచ్చేస్తుంది. మిగిలిన తునకలని సెలొటేపు అద్ది తీసేయొచ్చు. రెండు గుడ్డల మధ్య పూస ఆనించి గబగబా తోసుకుంటూ పోయేవాళ్లూ ఉన్నారు. దిండు గలీబులకి, లోపలి లంగాలకి అది పర్వాలేదు. పట్టు జోలికి మాత్రం అలా వెళ్లొద్దు. నూలుగుడ్డకైతే సూది బెజ్జాలు నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడిపోతాయి. పట్టు మీద జాడ ఎంతో కొంత మిగిలిపోతుంది. అందుకని విప్పాలా వద్దా అని ముందే ఆలోచించుకోండి.

కాజాలు కోసేటప్పుడు కూడా ఇదే వాడొచ్చు. కాజా చివర అడ్డంగా ఓ గుండుసూది గుచ్చి కోయండి, చెయ్యి జారినా అక్కడ ఆగుతుంది.

అమ్మ పోయాక ఆవిడ నూలు చీరలతో బొంత కుట్టాలనుకున్నాను. ముందు ఫాల్ విప్పాలి, అంచులు వేరు చెయ్యాలి. ఉతికి ఉతికి ఉల్లిపొర అయిపోయిన చీరలు. వాటి మీద బ్లేడు పెట్టడానికి చెయ్యి రాలేదు. రిప్పరుతోనే ఒక్కొక్క కుట్టూ తెంపి, లాగకుండా తీశాను. అమ్మ ఎప్పుడూ ఫాల్ బయట వేయించేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని తనే కుట్టుకునేది. ఒకదానికొకటి సమాన దూరంలో, పైకి కనపడీ కనపడని కుట్లు. నాలుగు చీరలు విప్పాను. ఐదోది విప్పలేక మళ్లీ మడతపెట్టేశాను.

బొంత నాలుగు చీరలతోనే అయింది. మధ్యలో ఓ జానెడు మెరూన్ ముక్క వేశాను, ఆ జాకెట్టు వీపుది. చిరుగు దగ్గర రఫ్ఫు చేసిన గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. మొన్న బొంత ఎండలో వేస్తుంటే అత్తయ్య దాన్ని వేలితో తడిమి చూసి, "ఆ రాత్రి పసుపుకొమ్ములు నా కొంగునే ఉన్నాయే" అన్నారు. ఇన్నేళ్లకి!