మీకు తెలుసా? గుడ్డులోంచే పాము జాడ పట్టేస్తాయి!

కోస్టారికా వానాడవుల్లో రాత్రి నడకకు వెళ్లేవాళ్లు గైడును ఆశగా అడిగేది ఎర్రకళ్ల చెట్టుకప్పను చూపించమనే. పగలంతా ఆకును కరుచుకుని పడుకునే ఈ కప్ప చీకటి పడ్డాకే కళ్లు తెరుస్తుంది.

అసలు అద్భుతం దాని గుడ్లది. నీటి మీదికి వంగిన ఆకులపై జిగురుముద్దలా ఉండే వాటిలోంచి మామూలుగా 6, 7 రోజులకు తోకకప్పలు బయటికొస్తాయి. ఈలోపు పాము వచ్చి కొరికిందా, 4 రోజుల పిండాలు సైతం ఆ కుదుపు పసిగట్టి, క్షణాల్లో గుడ్డు చీల్చుకుని నీళ్లలోకి దూకేస్తాయి. వానచినుకులు అదే ఆకును ఊపేస్తున్నా సాధారణంగా కదలవు! కుదుపు ఎంతసేపుంది, మధ్యలో ఎంత విరామం వచ్చిందన్నదే వాటికి గుర్తు.

రాత్రి నడక దారిలో తేళ్లూ కనిపిస్తాయి. అతినీలలోహిత టార్చి వేస్తే నీలం కలిసిన పచ్చరంగులో మెరుస్తాయి. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం మెరవదు.