అడుగు చూసి బేరం

కృష్ణా జిల్లా బంటుమిల్లి వైపు పాత కారు బేరమంటే ముందు బానెట్ ఎత్తిస్తారు. ఇంజిన్ స్టార్ట్ చేయించి చప్పుడు వింటారు. మీటరు రీడింగ్ చూస్తారు, ఏసీ వేయించి చేయి పెట్టి చూస్తారు. మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి చూసేవాళ్లు మాత్రం తక్కువ. లక్షో లక్షన్నరో పోసి కొన్న కారు ఈ ఉప్పు గాలిలో ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పేది ఆ కింది భాగమే. ఇంజిన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు, గేరుబాక్సు మార్పించుకోవచ్చు. అడుగంతా పుచ్చిపోయిన బండికి పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ఇక్కడ కారు ఆడంబరం కోసం కొనేది కాదు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వరి పొలాల మధ్య ఊళ్లు ఇవి. వాన కురిసే రాత్రి ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే మచిలీపట్నమో గుడివాడో తీసుకెళ్లాలి. బైకు మీద అది అయ్యే పని కాదు. కొత్త కారు కొనే స్తోమత లేని ఇంటికి పాత ఆల్టో, పాత వ్యాగన్ఆర్, ఇంకా పాత మారుతీ 800 అక్కరకొస్తాయి. మారుతీ 800 మొదటి బండి 1983 డిసెంబరు 14న రోడ్డెక్కింది, ఆఖరిది 2014 జనవరి 18న తయారైంది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. దాన్ని విప్పి బిగించడం తెలియని మెకానిక్ షెడ్డు ఈ డెల్టాలో వెతికినా దొరకడం కష్టం. ఇప్పటికీ దాన్ని అడిగేవాళ్లు ఉన్నారంటే కారణం అదే.

అయితే లారీకో జీపుకో ఉన్నట్టు ఇలాంటి చిన్న కార్లకు వేరే ఛాసిస్ ఉండదు. రేకులు కలిపి అతికిన బాడీయే బరువంతా మోస్తుంది. ఫ్లోరు, తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు, చక్రాల పైనుండే లోపలి రేకు పుచ్చిపోయాయంటే బండికి ఎముకలే గుల్లబారినట్టు. ఢీకొన్నప్పుడు లోపల కూర్చున్న మనుషులను కాపాడాల్సినవి ఆ రేకులే.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ తడీ చాలు. వాటికి ఉప్పు తోడైతే ఆ పని మరెంతో వేగంగా సాగుతుంది. ఉప్పు కలిసిన తడిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, తుప్పుకు మూలమైన రసాయన చర్య దాంతో పుంజుకుంటుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, అందుకే రేకు ఎండినట్టే ఎండి మళ్లీ తడుస్తుంది. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన ప్రాంతాల్లో సముద్రపు గాలి ఒకవైపు, ఉప్పునీటి చెరువుల గట్ల మీద బురద ఇంకోవైపు. చాలామంది పట్టించుకోనిది మరొకటి ఉంది. తీరం పక్క ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతోనే వారం వారం శుభ్రంగా కారు కడుగుతారు. పైన మెరుస్తుంది, కింద సందుల్లో ఉప్పు పేరుకుంటుంది. కాలవ నీళ్లతోనో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లతోనో కడిగితే బండి మరికొన్నేళ్లు బతుకుతుంది. రేడియేటరులో పోసే నీళ్ల విషయమూ అంతే. బోరు నీళ్లు పోస్తూ పోతే లోపలి గొట్టాలు గార కట్టి పూడుకుపోతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది, చివరికి హెడ్ గాస్కెట్ పోతుంది. ఆ ఖర్చు ముందు కూలెంట్ డబ్బా ఖరీదు ఎంత?

కాబట్టి బేరానికి ముందు బండిని వాటర్ సర్వీసింగ్ చేసే చోటికి తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించాలి. టార్చి లైటు వేసి అడుగు చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్తే గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. జాకీ పెట్టే చోట్లు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు పట్టీలు, బ్యాటరీ కింది తట్ట తప్పక చూడాల్సినవి. లోపల మ్యాట్లు ఎత్తి ఫ్లోరును చేత్తో తడమాలి. తలుపుల అడుగు అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి పూడిపోతే తలుపు లోపలి నుంచే తినుకుపోతుంది. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద నడిపిస్తే, అది పట్టుకోని చోట రంగు కింద ఉన్నది పుట్టీ అని తెలిసిపోతుంది. అమ్మకానికి ముందే అడుగంతా కొత్తగా నల్ల కోటింగు కొట్టించిన బండిని చూసి సంతోషించకూడదు, అనుమానించాలి.

ఇంజిన్ చూడటానికి అది చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టు. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు సిలిండరులోకి వెళ్తున్నాయి. ఆయిలు పోసే మూతకు లోపల మీగడ లాంటి జిడ్డు ఉన్నా అదే అనుమానం. టైర్ల మీద అరుగుదల ఒక్కటే చూస్తే చాలదు. పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరన్నమాట. టైరు అరగకపోయినా రబ్బరు వయసు దాచలేం.

2024 తర్వాత ఈ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త వచ్చి చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. రోజుల తరబడి నీళ్లు తీయలేదు, వేలాది వాహనాలు మునిగాయి. మునిగిన కారు మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని మొత్తం నష్టం కింద లెక్కగడుతుంది. అలాంటి బండ్లు మళ్లీ తుడుచుకుని చేతులు మారవచ్చు. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడాలి. లోపలి చుట్టల్లో పట్టిన బురద మరక కడిగేవాడికి అందదు. సీట్ల కింది బోల్టులు, డాష్‌బోర్డు వెనుక వైర్ల క్లిప్పులు తుప్పు పట్టి ఉన్నా, ముక్క వాసన అగరుబత్తీ వాసనను దాటి వస్తున్నా ఆ బేరం వదులుకోవడమే మంచిది. మునిగిన బండి ఆ రోజే ఆగిపోదు. కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టి నెలల తర్వాత ఒక్కో భాగమూ మొరాయిస్తుంది.

బండి బాగుంటే కాగితాలు. అసలు ప్రమాదం చాలామందికి ఇక్కడే. కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది, తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ పొడిగింపు ఫీజు కారుకు 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. లక్ష లోపు బండికి ఇది చిన్న మొత్తం కాదు, బేరంలోనే తేల్చుకోవాలి. నంబరు ప్లేటు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన అది మన రాష్ట్రపు బండి కాదు. ఏపీ 28, ఏపీ 09 లాంటివి 2014కు ముందు రంగారెడ్డి, హైదరాబాదుల్లో రిజిస్టరైనవి. ఆ బండి ఇంకా తెలంగాణ రికార్డులోనే ఉంటే అక్కడి నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) రావాలి, ఇక్కడ పన్ను సంగతి ముందే కనుక్కోవాలి.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో బండి బ్రోకరు చేతి నుంచి ఇంకో చేతికి పోవడం మన దగ్గర మామూలైపోయింది. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది. ఒకాయన 2007 జులైలో కారు అమ్మేశాడు. అది మరికొన్ని చేతులు మారింది. 2009 మేలో రివర్సులో వస్తూ ఇద్దరిని గుద్దితే ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆర్‌సీ ఇంకా మొదటాయన పేరు మీదే ఉంది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని కోర్టు తేల్చింది, పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. అమ్మినవాళ్లు 29వ నంబరు ఫారంతో 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి, కొన్నవాళ్లు 30వ ఫారంతో 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. పాత అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చే 35వ ఫారం కావాలి. బీమా పాలసీని 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోకపోతే సొంత బండి నష్టానికి పరిహారం అడిగేటప్పుడు చిక్కొస్తుంది.

కొన్నాక రంగు వేయించాలని, మ్యూజిక్ సిస్టం పెట్టించాలని మనసు లాగుతుంది. ముందు బ్రేకులు. బ్రేకు ఆయిలు తేమను పీలుస్తుంది, ఇంత చెమ్మ గాలిలో పాత ఆయిలును నమ్మకూడదు. ఆ తర్వాత టైర్లు, స్టీరింగు జాయింట్లు, కూలింగు. లైట్లు మసగ్గా వెలుగుతూ సెల్ఫ్ సరిగా తిరగకపోతే సెల్ఫ్ మోటారు మార్చే ముందు బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగ విప్పి, చిలుము గీకి, మళ్లీ బిగించి చూడాలి. ఉప్పు గాలి ఊళ్లలో ఈ ఒక్క పనితో తీరిపోయే రోగాలు చాలా ఉంటాయి. వరి పొలాల పక్క నిలిపే బండికి ఎలుకల బెడద వేరే, వైరింగ్ కొరికేస్తాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు కాస్త ముందే మార్చాల్సి రావచ్చని కేంద్ర ప్రభుత్వమే 2025లో చెప్పింది. ఇంజిన్ దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించాలి.

సామాన్లకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. తలుపు, అద్దం, సీటు, హెడ్‌లైటు, మంచి స్థితిలో ఉంటే గేరుబాక్సు కూడా అక్కడ పాతవి తెచ్చుకోవచ్చు, డబ్బు బాగా మిగులుతుంది. బ్రేకు సామాను, టైర్లు, రబ్బరు గొట్టాలు, టైమింగ్ బెల్టు మాత్రం కొత్తవే కొనాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు దారిలో తెగితే వాల్వులు వంగి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. అమ్మినాయన మార్చానని చెప్పినా, బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని మొదటి నెలలోనే వేయించుకోవాలి.